మెదడువాపు తర్వాత హార్మోన్ల లెక్క చూసుకోవడం ఎలా

తెనాలిలో మా వంటగది తలుపు పక్కన ఒక గోడ క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, ఏకాదశులు, మా చెల్లెలి నెలసరి, అన్నీ దాని మీదే. నెలసరికి మాటలేమీ రాయదు, తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో చిన్న సున్న చుడుతుంది. 2019 జనవరి 22 మీద సున్న ఉంది. ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆగస్టులో, గ్యాసు తేదీ కోసం కాగితాలు వెనక్కి తిప్పుతున్నప్పుడు నా కంటపడింది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. "చివరి నెలసరి ఎప్పుడమ్మా?" అని రోజుకు పాతికమంది పరాయి ఆడవాళ్లను అడగడం నా ఉద్యోగం. ఇంట్లో పిల్లను మాత్రం ఏడు నెలలు అడగలేదు.

అడగకపోవడానికి కారణం లేకపోలేదు. ఆ ఫిబ్రవరిలో తను నిద్ర మానేసింది. డిగ్రీ చివరి సంవత్సరం, పరీక్షల భయం అనుకున్నాం. వారం తిరిగేసరికి గోడతో మాట్లాడటం, పెదవులు ఊరికే నములుతున్నట్టు కదపడం, ఆపైన ఫిట్స్. అమ్మ తాయెత్తు కట్టించింది, నేను సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాను. చివరికి వెన్ను నుంచి నీరు తీసి పరీక్షిస్తే, మెదడు కణాల మీద సందేశాలు అందుకునే ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాల మీద దాడి చేసే యాంటీబాడీలు బయటపడ్డాయి. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ మెదడు మీదే తిరగబడితే వచ్చే మెదడువాపు ఇది. 2007లో న్యూరాలజిస్టు జోసెఫ్ దల్మావ్ బృందం దీన్ని గుర్తించి పేరు పెట్టింది. అప్పటిదాకా ఇలాంటి పిల్లలు ఎంతమంది పిచ్చి అన్న ముద్రతో మిగిలిపోయారో తలచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. 2013లో వచ్చిన పెద్ద అధ్యయనంలో 577 మంది రోగులుంటే అందులో 81 శాతం ఆడవాళ్లే. చాలామందికి అండాశయంలో టెరటోమా అనే కణితి ఉంటుంది, మన దగ్గర డాక్టర్లు డెర్మాయిడ్ అంటారు. మా చెల్లెలికి ఎడమ వైపు మూడు సెంటీమీటర్లది ఉంది. అండాశయాన్ని మిగిల్చి కణితిని మాత్రం తీశారు. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్, రిటుక్సిమాబ్ పడ్డాయి. 41 రోజుల తర్వాత ఇంటికి వచ్చింది. మనిషి దక్కిందన్న సంతోషంలో నెలసరి ఎవరికి గుర్తుంటుంది?

మీ ఇంట్లోనూ ఇలాంటి జబ్బు నుంచి తేరుకుంటున్న ఆడపిల్లో, మగపిల్లవాడో, పెద్దాయనో ఉంటే, నేను ఆలస్యంగా నేర్చుకున్నది మీకు ముందుగా పనికిరావాలని ఈ రాత. ఇది డాక్టరు చేసే పని కాదు, డాక్టరు దగ్గరికి సరైన కాగితాలతో వెళ్లే పని.

ముందు కాలువ సంగతి

మాది కృష్ణా డెల్టా కాబట్టి నాకు ఇది కాలువ భాషలోనే అర్థమైంది. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది కాలువ తలుపులు తీసి మూసే లస్కరు లాంటిది. జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోనును ధారగా వదలదు, వంతులవారీగా వదులుతుంది. ఆడవాళ్లలో నెలసరి చక్రం మొదటి సగంలో సుమారు 60 నుంచి 90 నిమిషాలకోసారి, ఆ తర్వాత ఇంకా నెమ్మదిగా. ఆ వంతు అందుకుని కింద పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండింటిని రక్తంలోకి పంపుతుంది. అవి వెళ్లి అండాశయంలో ఈస్ట్రోజెన్‌నూ, వృషణాల్లో టెస్టోస్టిరాన్‌నూ తయారు చేయిస్తాయి. తలుపు మూసేస్తే చేను ఎండుతుంది. తలుపు తీసి అలాగే వదిలేసినా పంట పోతుంది: జీఎన్‌ఆర్‌హెచ్ ఆగకుండా పారితే పిట్యూటరీ మొద్దుబారి పని మానేస్తుంది.

ఆ లస్కరును నిద్రలేపే వాటిలో, మెదడు కణాల మధ్య సందేశాలు మోసే గ్లూటమేట్ ఒకటి. అది తట్టే తలుపుల్లో ఎన్‌ఎమ్‌డీఏ గ్రాహకాలూ ఉన్నాయి. జబ్బులో యాంటీబాడీలు సరిగ్గా ఈ గ్రాహకాలకే అతుక్కుని వాటిని కణం లోపలికి లాగేసేలా చేస్తాయి. యాంటీబాడీలు తగ్గితే గ్రాహకాలు మళ్లీ పైకి వస్తాయి, కాబట్టి అక్కడ జరిగిన నష్టం చాలావరకు సర్దుకునేదే. దీనికి తోడు ఐసీయూలో పడి ఉండటం, తిండి లేకపోవడం, బరువు పడిపోవడం కూడా వంతులను ఆపేస్తాయి. మా చెల్లెలు తొమ్మిది కిలోలు తగ్గింది.

అయితే నెలసరి ఆగితే తప్పంతా జబ్బుదే అనుకోవడం నేను చేసిన మొదటి పొరపాటు. చెడింది పైన మెదడులో కావచ్చు, మందుల వల్ల కావచ్చు, కింద అండాశయంలోనో వృషణంలోనో కావచ్చు. మూడింటికీ వైద్యం వేరు. ఏది ఎక్కడ చెడిందో విడదీయడానికి రెండు పనిముట్లు చాలు: ఒక నోటుబుక్కు, సరైన సమయానికి తీసిన రక్తం.

నోటుబుక్కు

రెండు వందల పేజీల రూళ్ల పుస్తకం ఒకటి కొనండి. ఫోనులో రాసుకోవచ్చు గానీ డాక్టరు ముందు ఫోను తెరిచి వెతుకుతుంటే ఆయన ఓపిక అయిపోతుంది. ఎడమ పేజీలో మందులు: పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, పెంచిన తేదీ, తగ్గించిన తేదీ. కుడి పేజీలో ఒళ్లు: నెలసరి వచ్చిందా, ఎన్ని రోజులు, ఫిట్స్ వస్తే తేదీ, వారానికోసారి బరువు, నిద్ర. ఎడమకూ కుడికీ మధ్య ఉన్న సంబంధమే మనకు కావలసింది. మా పుస్తకంలో ఎడమ వైపు "రిస్పెరిడోన్, మార్చి 3" అని ఉంది. అది మతి చెదిరినప్పుడు ఇచ్చే మందు. కుడి వైపు ఏప్రిల్ చివర, నేను ఆగస్టులో అడిగి రాసుకున్న ఒక వాక్యం ఉంది: రొమ్ముల నుంచి పాలలాంటి చుక్కలు. తను ఎవరికీ చెప్పలేదు. "చెబితే మళ్లీ ఆస్పత్రిలో వేస్తారేమోనని, అక్కా" అంది.

అడిగే పద్ధతి గురించి ఒక మాట. గదిలో అమ్మానాన్నలు ఉండగా అడగకండి. "పుస్తకం నీది, నేను రాసేది నువ్వు చెప్పినంతవరకే" అని ముందే ఒప్పుకోండి. జబ్బు తీవ్రంగా ఉన్న రోజుల్లో కొందరు సిగ్గు మరిచి ప్రవర్తిస్తారు, బట్టలు తీసేస్తారు, అనకూడనివి అంటారు. అది జబ్బు లక్షణమే తప్ప మనిషి గుణం కాదు. తేరుకున్నాక ఆ విషయం గుర్తు చేయవలసిన అవసరం ఎవరికీ లేదు.

మగవాళ్ల పుస్తకంలో నెలసరి గడి ఉండదు కాబట్టి వేరే గుర్తులు కావాలి. పొద్దున లేచేటప్పటి అంగస్తంభన ఉంటోందా, కోరిక తగ్గిందా, గడ్డం గీసుకోవలసిన వ్యవధి పెరిగిందా, కండ తగ్గిందా, రొమ్ము దగ్గర నొప్పి గానీ ఉబ్బు గానీ ఉందా. ఇవి భార్య రాస్తే ఒక తీరు, ఆయనే రాసుకుంటే ఇంకో తీరు. రెండోదే మంచిది.

రక్తం ఎప్పుడు ఇవ్వాలి

ఇది నా రాజ్యం, కాస్త నిదానంగా చెబుతాను. తప్పు సమయంలో తీసిన రక్తానికి వచ్చిన అంకె అబద్ధం చెప్పదు, కానీ వేరే ప్రశ్నకు జవాబు చెబుతుంది.

నెలసరి క్రమంగా వచ్చే మనిషికి మూడు నెలలు రాకపోతే పరీక్ష చేయించాలి. అన్నిటికంటే ముందు గర్భ పరీక్ష. పెళ్లికాని పిల్లకు ఇది అడిగితే తల్లులు నా మీద విరుచుకుపడతారు. మా అమ్మా పడింది. కానీ ఏ డాక్టరైనా మొదట అడిగేది అదే, పైగా ఫిట్స్ మందుల్లో కొన్ని కడుపులో బిడ్డకు హాని చేసేవి ఉన్నాయి. నోరు మూసుకుని చేయించేయడమే మేలు.

తర్వాత ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైనది), ప్రొలాక్టిన్ (పాలు పుట్టించే హార్మోను), టెస్టోస్టిరాన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్. నెలసరి వస్తూ ఉంటే రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు ఇవ్వాలి. అసలు రాకుండా ఉంటే ఏ రోజైనా ఇవ్వచ్చు. ఇక్కడే చాలామంది పడే గొయ్యి ఒకటుంది. మందుల దుకాణంలో "నెలసరి వచ్చే మాత్రలు" అడిగి వేయించేస్తారు. రక్తస్రావం అవుతుంది, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. అది మాత్ర తెప్పించిన రక్తమే గానీ మెదడు పంపిన వంతు కాదు. ఆ తర్వాత తీసిన పరీక్షలో అసలు సంగతి మరుగున పడుతుంది. ముందు రక్తం ఇవ్వండి, మాత్ర సంగతి డాక్టరు చూసుకుంటారు.

ప్రొలాక్టిన్ మహా పిరికిది. మెట్లెక్కి ఆయాసంతో వచ్చి కూర్చున్నా, సూది చూసి భయపడినా పెరుగుతుంది. పెద్ద ఫిట్ వచ్చిన పది ఇరవై నిమిషాల్లో ఎగబాకి, కొన్ని గంటల్లో దిగుతుంది. కాబట్టి ఫిట్స్ వచ్చిన రోజు ఇవ్వకండి. ల్యాబుకు వచ్చాక పావుగంట కూర్చోండి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతున్నారా? అది చాలా యంత్రాల్లో హార్మోన్ల అంకెలను తారుమారు చేస్తుంది. డాక్టరుకు చెప్పి రెండు మూడు రోజుల ముందు ఆపండి. ఏ మందులు నడుస్తున్నాయో ల్యాబు కాగితం మీదే రాయించండి, ప్రతిసారీ ఒకే ల్యాబులో ఇవ్వండి.

అంకెలు చదవడం నా పని కాదు, మీదీ కాదు. అయినా డాక్టరు చెప్పేది అర్థం కావడానికి ఇంత తెలిస్తే చాలు. కింద ఈస్ట్రడయాల్ గానీ టెస్టోస్టిరాన్ గానీ తక్కువగా ఉండి, పైన ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా తక్కువగా లేదా మామూలుగానే ఉంటే లస్కరు గానీ పిట్యూటరీ గానీ పని చేయడం లేదన్నమాట. కింద తక్కువై ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా ఎక్కువైతే పైవాళ్లు కేకలు వేస్తున్నారు, చేనే పలకడం లేదు. ప్రొలాక్టిన్ ఎక్కువైతే అదొక్కటే లస్కరు చేతులు కట్టేయగలదు.

మా చెల్లెలి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ నేలను తాకుతున్నాయి. ప్రొలాక్టిన్ 96. మా ల్యాబులో ఆడవాళ్లకు 25 దాకా మామూలు. హార్మోన్ల డాక్టరు, అంటే ఎండోక్రైనాలజిస్టు, పుస్తకం ఎడమ పేజీ చూసి, రిస్పెరిడోన్ దగ్గర వేలు పెట్టి, "ఇది ఇంకా అవసరమా అని సైకియాట్రిస్టును అడిగారా?" అన్నారు. అడగలేదు. డిశ్చార్జి కాగితంలో ఉందని వేస్తూ పోయాం. మతి కుదుటపడి అప్పటికి రెండు నెలలు దాటింది. సైకియాట్రిస్టు ఆరు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపారు. అక్టోబరులో ప్రొలాక్టిన్ 18. మందు కారణం కాకుండా పెరిగి ఉంటే పిట్యూటరీకి విడిగా ఎంఆర్‌ఐ తీయించవలసి వచ్చేదట.

మందుల పేజీ

రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, అమిసల్‌ప్రైడ్ ప్రొలాక్టిన్‌ను పెంచే మందులు. ఫిట్స్ మందైన వాల్‌ప్రోయేట్ కొందరు ఆడపిల్లల్లో బరువు, అవాంఛిత రోమాలు పెంచి పీసీఓఎస్ లాంటి స్థితి తెస్తుంది. గర్భంలో బిడ్డకు అది బాగా హానికరం, పెళ్లీడు పిల్లకు రాస్తే వేరే మందు ఉందా అని అడగడం మన హక్కు. కార్బమాజెపిన్, ఫెనిటోయిన్ అనే ఫిట్స్ మందులు కాలేయాన్ని హడావిడి పెట్టి, గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గించేస్తాయి. మాత్ర వేసుకుంటున్నాం కదా అని ధీమాగా ఉండి నెల తప్పినవాళ్లను నా బల్ల ముందు చూశాను. రక్షణ వ్యవస్థను అణిచే మైకోఫెనొలేట్ వాడుతున్నంతకాలం గర్భం రాకూడదు. రిటుక్సిమాబ్ చివరి డోసు తర్వాత సాధారణంగా ఏడాది ఆగమంటారు. ఎక్కువ మోతాదులో నెలల తరబడి వాడిన స్టెరాయిడ్ ఆడామగా తేడా లేకుండా వంతులను అణచివేస్తుంది.

ఇవన్నీ చదివి ఏ మాత్రా మీ అంతట మీరు ఆపకండి. స్టెరాయిడ్ హఠాత్తుగా ఆపితే అడ్రినల్ గ్రంథి చేతులెత్తేసి ప్రాణం మీదికి రావచ్చు, ఫిట్స్ మందు ఆపితే ఫిట్స్ తిరగబెడతాయి.

సైక్లోఫాస్ఫమైడ్ సంగతి విడిగా చెప్పాలి. మొదటి మందులకు లొంగని జబ్బుకు ఇది ఇస్తారు. అండాలనూ వీర్యకణాలను పుట్టించే కణాలనూ ఇది దెబ్బతీయగలదు. వయసు పెరిగేకొద్దీ, మొత్తం మోతాదు పెరిగేకొద్దీ ప్రమాదం ఎక్కువ. మొదటి సీసా ఎక్కించక ముందే అడగవలసిన మాట ఇది: "పిల్లలు పుట్టే శక్తిని కాపాడటానికి ఏమైనా చేయగలమా?" మగవాళ్లకు జవాబు సులువు, వీర్యాన్ని ముందే భద్రపరచవచ్చు. పెళ్లికాని కొడుకు గురించి తండ్రి ఈ మాట అడగడానికి నోరు రాదు. కాగితం మీద రాసి ఇవ్వండి. ఆడవాళ్లకు అండాలు తీసి దాచాలంటే సుమారు రెండు వారాలు కావాలి, ఆ వ్యవధి ఈ జబ్బు ఇవ్వదు. అప్పుడు అండాశయాన్ని నిద్రపుచ్చే ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ ఇవ్వడం ఒక దారి. జీఎన్‌ఆర్‌హెచ్ ఆగకుండా పారితే పిట్యూటరీ మొద్దుబారుతుందని చెప్పానే, ఆ కిటుకే ఇది. తర్వాతి రోజుల్లో అండాల నిల్వ ఎంత మిగిలిందో చూడటానికి ఏఎమ్‌హెచ్ పరీక్ష ఉంది.

మామయ్య సంగతి

2023లో మా మామయ్యకు ఇలాంటి మెదడువాపే ఇంకో రకం వచ్చింది. ఆయనకు 61. ముఖం ఒక పక్క, అదే పక్క చెయ్యి క్షణం పాటు గుంజుకుపోవడం, రోజుకు పదుల సార్లు. చేతిలో కాఫీ గ్లాసు ఎగిరి పడేది. పరీక్షలో తేలినవి ఎల్‌జీఐ1 అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు. ఈ రకం ఎక్కువగా నడివయసు దాటిన మగవాళ్లకు వస్తుంది, రక్తంలో సోడియం పడిపోవడం దీని గుర్తు. ఆయనకు 124. స్టెరాయిడ్‌తో గుంజులు ఆగాయి, జ్ఞాపకం మెల్లగా తిరిగి వచ్చింది.

ఆరు నెలల తర్వాత అత్తయ్య నన్ను పెరట్లోకి పిలిచి, "మీ మామయ్యకు ఒంట్లో సత్తువే లేదమ్మాయ్, గోడ వైపు తిరిగి పడుకుంటున్నారు" అంది. అంతకంటే విడమర్చి ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. టెస్టోస్టిరాన్ చూద్దామన్నాను. మగవాళ్లలో అది పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉంటుంది. అందుకే పరగడుపున, పది గంటల లోపు ఇవ్వాలి. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ అదే వేళకు ఇచ్చి నిర్ధారించుకోవాలి. జబ్బు తీవ్రంగా ఉన్న వారాల్లో చేయించడం డబ్బు దండగ, ఏ పెద్ద జబ్బులోనైనా అది పడిపోతుంది.

మొత్తం టెస్టోస్టిరాన్ మామూలుగానే వచ్చింది. అత్తయ్య ముఖం వాడిపోయింది. అప్పుడు ఎడమ పేజీ చూశాం: కార్బమాజెపిన్. అది సోడియంను ఇంకా తగ్గించే మందు, అదొక ఇబ్బంది. రెండోది, ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను పెంచుతుంది. టెస్టోస్టిరాన్ దానికి కట్టుబడిపోతే ఖాతాలో డబ్బు ఉన్నట్టే కనిపిస్తుంది, చేతికి మాత్రం రాదు. కాబట్టి ఈ మందు వాడేవాళ్లు ఎస్‌హెచ్‌బీజీ కూడా చేయించి, విడిగా ఉన్న టెస్టోస్టిరాన్ ఎంతో లెక్క కట్టించాలి. మామయ్యకు అది తక్కువగా ఉంది. న్యూరాలజిస్టు ఆ మందు తీసేసి వేరేది ఇచ్చారు. ఈలోపు ఎవరో స్నేహితుడు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ వేయించుకోమన్నాడట. కారణం తేలకుండా ఆ పని వద్దు. రక్తం చిక్కబడుతుంది, ప్రోస్టేట్ చూడకుండా వేయకూడదు. పిల్లలు కావాలనుకునే యువకుడికైతే వీర్యకణాలే ఆగిపోతాయి.

యువకుల విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఎంఏ2 యాంటీబాడీల రకం యాభై లోపు మగవాళ్లలో చాలాసార్లు వృషణాల కణితితో ముడిపడి ఉంటుంది, హైపోథాలమస్‌నే పట్టుకుంటుంది. పగలంతా నిద్ర, ఉన్నట్టుండి బరువు పెరగడం, కోరిక చచ్చిపోవడం కలిసి వస్తే వృషణాలకు అల్ట్రాసౌండ్ చేశారా అని అడగండి. స్నానం చేసేటప్పుడు చేత్తో తడిమి చూసుకోమని అబ్బాయికి చెప్పండి.

డాక్టరు దగ్గర

న్యూరాలజిస్టు గదిలో మనకు దొరికేది ఐదు నిమిషాలు. "డాక్టరుగారూ, జనవరి నుంచి నెలసరి లేదు, ఏప్రిల్ నుంచి పాలు వస్తున్నాయి, ఈ మందులు నడుస్తున్నాయి, ఎండోక్రైనాలజిస్టుకు చూపించమంటారా?" ఇదొక్క వాక్యం కాగితం పైన రాసి, కింద మందుల జాబితా అతికించండి. నెలసరి చాలాకాలం రాక ఈస్ట్రోజెన్ తగ్గి ఉంటే, పైగా స్టెరాయిడ్లు కూడా వాడి ఉంటే, ఎముకల సాంద్రత పరీక్ష గురించి కూడా అడగండి. కణితి తీసినా, అసలు దొరకకపోయినా, అండాశయాల స్కానింగ్ కొన్నేళ్లపాటు ఆరు నెలలకోసారి చేయిస్తూ ఉండమంటారు. పెళ్లికాని పిల్లకు పొట్ట మీద నుంచి తీసే స్కానింగో ఎంఆర్‌ఐనో చాలు, ఆ భయంతో మానేయకండి.

మా చెల్లెలికి 2020 జనవరి 30న వచ్చింది. ప్రొలాక్టిన్ తగ్గినందుకా, పోయిన బరువులో ఏడు కిలోలు తిరిగి వచ్చినందుకా, మెదడు కుదుటపడినందుకా అంటే, అవన్నీ ఆ నెలల్లోనే కలిసి జరిగాయి. నాకు చెప్పలేదు. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే కొత్త క్యాలెండరు మీద ఎర్ర సున్న. పుస్తకంలో ఎక్కిద్దామని వెతికితే నా బీరువాలో లేదు, తన దిండు కింద ఉంది.

"ఇక నేనే రాసుకుంటాలే, అక్కా. నువ్వు అడిగితే చూపిస్తాను" అంది.